ముందే చెప్పేసిన రహస్యం

పిల్లలు ఇష్టపడి చదివిన పుస్తకం సినిమాగా వచ్చినప్పుడల్లా ఒకే తగాదా మొదలవుతుంది. పుస్తకంలో ఉన్నది తీసేశారని, లేనిది చేర్చారని, మనం ఊహించుకున్న మనిషి అలా ఉండడని. ఈ తగాదా తేల్చడానికి మన దేశంలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. సత్యజిత్ రాయ్ బెంగాలీలో రాసిన ఫెలూదా అనే డిటెక్టివ్ కథలు, వాటిలోంచి ఆయనే స్వయంగా తీసిన రెండు సినిమాలు: 1974లో వచ్చిన 'సోనార్ కెల్లా', 1979లో వచ్చిన 'జయ్ బాబా ఫేలునాథ్'. రాసిందీ తీసిందీ ఒకరే కాబట్టి పుస్తకం అర్థంకాక మార్చారని అనడానికి వీల్లేదు. అలాంటాయన తన అపరాధ పరిశోధన నవల 'సోనార్ కెల్లా'ను తెరకెక్కిస్తూ, దొంగలెవరో మొదట్లోనే చూపించేశారు. ఆఖరి పేజీలదాకా నవల దాచిపెట్టిన గుట్టు అది. అయినా యాభై ఏళ్లుగా బెంగాలీ కుటుంబాలు ఆ సినిమాను తరం తర్వాత తరం పిల్లలకు చూపిస్తూనే ఉన్నాయి. గుట్టు విప్పేసిన డిటెక్టివ్ సినిమా ఇన్నాళ్లు ఎలా నిలిచింది? ఈ పుస్తకాలను పిల్లలు మళ్లీ మళ్లీ ఎందుకు చదువుతారో రాయ్‌కి తెలుసు కాబట్టి, ఆ కారణాన్నే తెరమీదికి తెచ్చారు కాబట్టి అని నేను అంటాను. అందుకు ఆధారాలు చెప్పాలంటే కథ కూడా చెప్పక తప్పదు. ముందే తెలిస్తే కథ చెడిపోతుందనుకునేవారు ఈ ప్రసంగం చివరిదాకా ఓపిక పట్టాలని మనవి.

ముందు పుస్తకాల సంగతి. రాయ్ తాతగారు ఉపేంద్రకిశోర్ 1913లో పిల్లల కోసం 'సందేశ్' అనే పత్రిక మొదలుపెట్టారు. మధ్యలో ఆగిపోయిన ఆ పత్రికను 1961లో రాయ్, కవి సుభాష్ ముఖోపాధ్యాయతో కలిసి తిరిగి ప్రారంభించారు. అప్పటికే 'పథేర్ పాంచాలీ'తో ప్రపంచమంతా పేరు వచ్చిన దర్శకుడు పిల్లల పత్రికకు కథలు రాయడం, బొమ్మలు వేయడం పనిగా పెట్టుకున్నారు. ఆ పత్రికలోనే 1965లో డార్జిలింగ్ నేపథ్యంగా మొదటి ఫెలూదా కథ వచ్చింది. 1992లో రాయ్ కన్నుమూసే నాటికి పూర్తయిన కథలూ నవలలూ 35. ఫెలూదా అసలు పేరు ప్రదోష్ చంద్ర మిత్తర్. కలకత్తాలో రజనీ సేన్ రోడ్డులో ఉంటాడు. కథలు చెప్పేది అతని వెంట తిరిగే తమ్ముడి వరస కుర్రాడు తోప్షే. 1971లో 'దేశ్' పత్రిక దసరా సంచికలో వచ్చిన 'సోనార్ కెల్లా' నవలలో వీళ్లిద్దరికీ రైల్లో మూడో మనిషి తగులుతాడు. ఆయన లాల్‌మోహన్ గంగూలీ. జటాయు అనే కలంపేరుతో భీకరమైన సాహస నవలలు రాసే, పిరికివాడైన, మంచివాడైన నడివయసు రచయిత. ఒంటెల గురించి, ఎడారుల గురించి ఆయన పుస్తకాల్లో రాసినవన్నీ తప్పులే. ఫెలూదా ఓపిగ్గా దిద్దుతూ ఉంటాడు, ఆయన ఓపిగ్గా దిద్దించుకుంటూ ఉంటాడు.

'సోనార్ కెల్లా' కథ ఇది. ముకుల్ అనే చిన్న పిల్లవాడికి పూర్వజన్మ గుర్తుకొచ్చిందంటారు. తానుండేది ఒక బంగారు కోట దగ్గరని, ఇంట్లో రత్నాలుండేవని చెబుతాడు, కోట బొమ్మలు గీస్తాడు. అలాంటి విషయాలు పరిశీలించే డాక్టర్ హాజ్రా వాణ్ణి రాజస్థాన్ తీసుకెళ్తాడు. పత్రికల్లో ఈ వార్త చూసిన ఇద్దరు దుర్మార్గులు, పిల్లవాణ్ణి పట్టుకుంటే నిధి దొరుకుతుందని వెంటపడతారు. జైపూర్ దగ్గరి నాహర్‌గఢ్ కోట మీంచి డాక్టర్‌ను తోసేస్తారు. వాళ్లలో ఒకడు తానే డాక్టర్ హాజ్రానని చెప్పుకుని ముకుల్ చెయ్యి పట్టుకుని తిరుగుతుంటాడు. నవల అంతా తోప్షే చెబుతాడు కాబట్టి తోప్షే చూడనిది మనమూ చూడం. డాక్టర్ గారు దొంగ అని మనకు తెలిసేది చాలా ఆలస్యంగా. సినిమాలో మాత్రం కోట మీంచి తోసెయ్యడం మన కళ్లముందే జరుగుతుంది. ఫెలూదా ఇంకా ఆనవాళ్లు వెతుకుతుండగానే మనకు అంతా తెలుసు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. గుట్టు పోయిందని అంటున్నాం గాని నిజానికి అది పోలేదు, చోటు మారింది. నవలలో తెలియనిది పాఠకుడికి. సినిమాలో తెలియనిది ముకుల్‌కు. ఆ పసివాడు ఎవరి చెయ్యి పట్టుకుని నడుస్తున్నాడో వాడికి తెలియదు, హాల్లో కూర్చున్న ఎనిమిదేళ్ల పిల్లకు తెలుసు. ఫెలూదా ఆ దొంగ డాక్టరుతో మర్యాదగా మాట్లాడుతుంటే ఆ పిల్ల కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. నవల చదివేటప్పుడు ఆ పిల్ల తోప్షే స్థానంలో ఉంటుంది. అన్నయ్య అన్నీ కనిపెడతాడు, మనం నోరు తెరుచుకుని వినాలి. సినిమాలో ఆమె అన్నయ్య కంటే ఒక అడుగు ముందుంటుంది. ఒక చిన్నవాడి క్షేమం గురించి పెద్దవాళ్లు పడే ఆందోళన ఆమె పడుతుంది. పిల్లల సినిమాల్లో పిల్లల్ని నవ్వించేవి, భయపెట్టేవి చాలా ఉన్నాయి. చూసే పిల్లలకు ఇలా పెద్దరికం ఇచ్చినవి మాత్రం అరుదు. కథ చివర జైసల్మేర్ కోటలో ఆ నకిలీ డాక్టరు నెమలి మీదికి తుపాకి ఎత్తడం చూసి ముకుల్‌కు వాడెలాంటివాడో తెలిసిపోతుంది. పిల్లవాడికి ఆ నిజం తెలియజేసింది ఫెలూదా తర్కం కాదు, ఒక పక్షి పట్ల వాడు చూపిన క్రూరత్వం. చాలాసేపటినుంచి మనం మోస్తున్న గుట్టు ఆ క్షణంలో ముకుల్‌కు చేరి మన గుండె తేలికపడుతుంది. ముకుల్ పాత్ర వేసిన కుశల్ చక్రవర్తికి ఆ ఏడు ఉత్తమ బాలనటుడిగా జాతీయ పురస్కారం వచ్చింది. వాడి ముఖంలో నటన అంటూ పెద్దగా కనిపించదు. ఏదో దూరంగా ఉన్నదాన్ని వింటున్నట్టు, ఎదుటివాళ్ల మాటలు సగమే చెవిన పడుతున్నట్టు ఉంటాడు. అంత పరధ్యానంలో ఉన్న పిల్లవాణ్ణి మోసం చెయ్యడం ఎంత తేలికో చూస్తున్నకొద్దీ మన భయం పెరుగుతుంది.

రాయ్ ఈ మార్పు తోచినట్టు చెయ్యలేదు. 1967లో ఆయన శరదిందు బందోపాధ్యాయ రాసిన డిటెక్టివ్ బ్యోమ్‌కేశ్ బక్షి కథను 'చిడియాఖానా' పేరుతో సినిమాగా తీశారు. ఉత్తమ్ కుమార్ కథానాయకుడు. దానికి రాయ్‌కి ఉత్తమ దర్శకుడిగా జాతీయ పురస్కారమూ వచ్చింది, అయినా ఆ సినిమా ఆయనకు తృప్తినివ్వలేదు. హంతకుడు ఎవరన్న ప్రశ్న చివరిదాకా నడిపితే, ముగింపులో డిటెక్టివు అందరినీ కూర్చోబెట్టి సుదీర్ఘంగా వివరించాలి. కాగితం మీద ఆ వివరణ హాయిగా చదువుకోవచ్చు, అర్థంకాకపోతే వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. తెరమీద అదే పని సినిమాను కట్టిపడేస్తుంది. పైగా నకిలీ మనిషిని చివరిదాకా దాచాలంటే ఆ పాత్రధారి ముఖాన్ని కూడా కెమెరా నిజాయితీగా చూపకూడదు. రాయ్ సినిమాకున్న బలమే ముఖాల్ని తొందరలేకుండా చూడటం. అది వదులుకుని గుట్టు కాపాడటం ఆయనకు నష్టబేరం. దర్శకుడు హిచ్‌కాక్ కూడా ఇదే రకమైన తేడాను మరో దర్శకుడు త్రూఫోతో సంభాషణలో వివరించాడు: బల్ల కింద బాంబు ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ, తెలియకపోతే పదిహేను క్షణాల ఉలికిపాటు. రాయ్ కొత్తగా చేసిందేమిటంటే, బాంబు ఉన్న చోట ఒక పిల్లవాణ్ణి నమ్మకంగా పట్టుకున్న చేతిని పెట్టడం.

దీనికి మొదటి అభ్యంతరం బలమైనదే. డిటెక్టివ్ కథ పిల్లల బుర్రకు పదును పెడుతుంది. ఆనవాళ్లు ఏరుకోవడం, అనుమానించడం, తప్పు ఊహించి సరిదిద్దుకోవడం, ఇవన్నీ పుస్తకం నేర్పుతుంది. జవాబు ముందే చెబితే ఆ వ్యాయామం పోదా అని. మొదటిసారి చదివేటప్పుడు ఆ మాట అక్షరాలా నిజం. నవల తొలి పఠనంలో దొరికే ఆ ఆనందం సినిమాలో లేదు, దాన్ని ఒప్పుకోవాలి. కాని ఫెలూదా పుస్తకాలను పిల్లలు ఒక్కసారి చదివి అవతల పెట్టరు. రెండోసారి చదివేటప్పుడు దొంగ ఎవరో తెలుసు. అయినా చదువుతారు, ఎందుకు? లాల్‌మోహన్ బాబు హిందీ మాట్లాడబోయి తడబడే చోటు కోసం. ఫెలూదా రైల్వే టైమ్‌టేబుల్ ముందేసుకుని లెక్కలు కట్టే తీరు కోసం. పేపరు కత్తిరింపులు ఏళ్ల తరబడి దాచుకున్న సిధూ జ్యాఠా ఇంటికి వెళ్లి, ఆ పెదనాన్న వరస పెద్దాయన జ్ఞాపకశక్తిని తవ్వే దృశ్యం కోసం. లక్నో, గాంగ్‌టాక్, కాశీ, జైసల్మేర్‌లను చూసొచ్చినట్టు అనిపించడం కోసం. గుట్టు విడిపోయాక మిగిలేవే ఇవి. అభిమాన పుస్తకం అని మనం దేన్నైనా అంటున్నామంటే ఇలా మిగిలినదాని గురించే అంటున్నాం. 'సోనార్ కెల్లా' సినిమా మొదటిసారి చూసేవాణ్ణి కూడా రెండోసారి చదువుతున్న పాఠకుడి స్థానంలో కూర్చోబెడుతుంది. ఆ తొందర లేనివాడి తీరికతో మనుషుల్ని, ఊళ్లను చూడమంటుంది.

ఒంటెల ఘట్టం చూడండి. దుండగులు రోడ్డు మీద గాజు పెంకులు వెయ్యడంతో కారు టైర్లు పోతాయి. నిర్మానుష్యమైన ఎడారి. రామ్‌దేవరా స్టేషను చేరితే జైసల్మేర్ రైలు దొరుకుతుంది. దారిన పోతున్న ఒంటెలే గతి. ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్లు నిటారుగా నిలబెడుతుంది, దాంతో మీద కూర్చున్నవాడు ముందుకు వాలిపోతాడు. ముందు కాళ్లు లేచాక వెనక్కి పడతాడు. ఈ సంగతి తెలిసిన ఫెలూదా స్థిమితంగా ఉంటాడు, లాల్‌మోహన్ బాబు ముఖంలో మాత్రం భయం, పరువు నిలబెట్టుకోవాలన్న పట్టుదల, ఎడారి సాహసాల రచయితకు నిజమైన ఒంటె దొరికిందన్న గర్వం, మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఆ పాత్ర వేసిన సంతోష్ దత్తా ఈ మూడింటిలో దేన్నీ పెంచి చూపడు. ఆయన్ని చూసి పిల్లలు నవ్వుతారు గాని చులకన చెయ్యరు. కథను ముందుకు నడిపే సమాచారం ఈ ఘట్టంలో చాలా తక్కువ. సినిమా చూసినవాళ్లను ఏం గుర్తుందని అడిగితే చాలామంది ముందు చెప్పేది మాత్రం ఇదే. రాయ్ తన షూటింగు అనుభవాలను పిల్లల కోసం రాసినప్పుడు ఈ ఒంటెలకూ రైలుకూ ఒక వ్యాసమే కేటాయించారు.

రెండో అభ్యంతరం: రచయితే దర్శకుడు కాబట్టి ఆయనకు చెల్లింది, ఇంకొకరికి ఈ స్వేచ్ఛ ఎలా ఇస్తాం అని. రచయితకు తన కథ మీద హక్కు ఉంటుంది నిజమే, అయితే ఇక్కడ జరిగింది హక్కు వాడుకోవడం మాత్రమే కాదు. సినిమా తీశాక రాయ్ రాత కూడా మారింది. దీనికి కంటికి కనిపించే సాక్ష్యం పుస్తకాల్లోని బొమ్మలే. మొదట్లో రాయ్ గీసిన జటాయు వేరుగా ఉండేవాడు. సినిమా వచ్చాక ఆయన గీసిన జటాయు బట్టతలతో, మీసాలతో, అచ్చం సంతోష్ దత్తాలా తయారయ్యాడు. పుస్తకంలోంచి తెరమీదికి వెళ్లిన పాత్ర ఒక నటుడి ముఖం తొడుక్కుని తిరిగి పుస్తకంలోకి వచ్చింది. ఇంకా ముఖ్యమైన సాక్ష్యం 1975 నాటి 'జయ్ బాబా ఫేలునాథ్' నవల. కాశీలో ఒక ఇంటి వినాయక విగ్రహం మాయమవుతుంది. దానిమీద కన్నేసిన మగన్‌లాల్ మేఘ్‌రాజ్ అనే వ్యాపారి దుర్మార్గుడని మొదటి నుంచీ తెలుసు. అతను దాచుకోడు, దర్జాగా ఇంటికి పిలిచి బెదిరిస్తాడు. సినిమా తీసిన మరుసటి ఏడే ఇలాంటి బాహాటమైన ప్రతినాయకుడు నవలలోకి రావడం కాకతాళీయమని నేననుకోను. ఈ మగన్‌లాల్ తర్వాత మరో రెండు కథల్లో తిరిగొచ్చాడు. దాగి ఉండే దొంగ ఒక్కసారికే పనికొస్తాడు, ముఖం తెలిసిన శత్రువు మళ్లీ మళ్లీ రాగలడు.

ఆ నవల సినిమా అయినప్పుడు మగన్‌లాల్‌గా ఉత్పల్ దత్ నటించారు. మగన్‌లాల్ ఇంట్లో కత్తులు విసిరే దృశ్యం అందరికీ తెలిసిందే. లాల్‌మోహన్ బాబును చెక్కకు ఆనించి నిలబెడతారు. వణికే ముసలి అర్జున్ ఒక్కొక్క కత్తీ ఆయన ఒంటి పక్కగా విసురుతాడు. ఫెలూదా చూస్తూ కూర్చోవాలి, చేయగలిగింది లేదు. ఇందులో రహస్యమన్నది లేనేలేదు. ఎవరు, ఎందుకు, ఏం చేస్తున్నారో అంతా బయటే ఉంది. అయినా ఫెలూదా సినిమాలు రెంటిలోనూ ఇంత బిగువైన ఘట్టం ఇంకోటి లేదు, కారణం అక్కడ అవమానపడుతున్నది మనకు ఆప్తుడైన మనిషి. ఆ తర్వాత ఫెలూదా దీనికి బదులు తీర్చుకుంటాను, లేదంటే ఈ వృత్తే మానేస్తాను అని తీర్మానించుకుంటాడు. విగ్రహం కోసం మొదలైన కథ స్నేహితుడి పరువు కోసం సాగే కథగా మారుతుంది. ఈ కథలోనూ రాయ్ రహస్యాన్ని ఒక పిల్లవాడి దగ్గరే పెట్టారు. విగ్రహాన్ని దుర్గమ్మ సింహం నోట్లో చూయింగ్ గమ్‌తో అతికించి దాచింది రుకు అనే కుర్రాడు. ముకుల్‌కు అందరికంటే తక్కువ తెలుసు, రుకుకు అందరికంటే ఎక్కువ తెలుసు. రెండు సినిమాల్లోనూ కథ తాళంచెవి పిల్లల చేతుల్లోనే ఉంది.

ఇన్నేళ్ల తర్వాత తిరిగి తెరిస్తే ఇబ్బంది పెట్టేవి కూడా ఉన్నాయి, వాటిని దాటవేస్తే అన్యాయమవుతుంది. ఫెలూదా లోకంలో ఆడవాళ్లు దాదాపు లేరు. ముకుల్ తల్లి లాంటివారు ఒకటి రెండు మాటలకే పరిమితం. పిల్లల పాఠకుల కోసం రాస్తున్నప్పుడు అక్రమ సంబంధాలు, ప్రేమ పగలు, రక్తపాతం దూరంగా ఉంచాల్సి వస్తుందని, డిటెక్టివ్ కథకు అది పెద్ద కట్టుబాటని రాయ్ చెప్పుకున్నారు. ఆ కారణం నాకు చాలదు. ప్రేమకథ వద్దనుకుంటే ఆడపిల్ల వద్దనుకోవాల్సిన పని లేదు. తోప్షే పక్కన ఒక తెలివైన చెల్లెలుంటే ఏ కట్టుబాటూ తెగేది కాదు. ఈ లోటును సినిమా కూడా తీర్చలేదు. ఇంకొకటి పొగ. ఫెలూదా ఎప్పుడూ కాల్చేది చార్మినార్ సిగరెట్లు, మన హైదరాబాదు వజీర్ సుల్తాన్ కంపెనీవి. పిల్లల పుస్తకంలో నాయకుడి వేళ్ల మధ్య సిగరెట్టు ఆ రోజుల్లో ఎవరికీ తప్పనిపించలేదు, ఇప్పుడు చదివించే పెద్దలు పక్కన కూర్చుని ఒక మాట చెప్పాలి. హైదరాబాదుతో 'సోనార్ కెల్లా' సినిమాకు ఇంకా మంచి సంబంధం ఒకటుంది. సిధూ జ్యాఠాగా నటించింది హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయ. సరోజినీ నాయుడుకు తమ్ముడు, 1898లో హైదరాబాదులోనే పుట్టారు. కనిపించేది కాసేపే, ఆ కాసేపట్లో పుస్తకాల మధ్య బతికిన మనిషి ఎలా ఉంటాడో కళ్లకు కట్టారు.

పూర్వజన్మ నమ్మకాన్ని పిల్లలకు ఎక్కిస్తోందని 'సోనార్ కెల్లా'ను తప్పుపట్టేవారికి కూడా జవాబుంది. ముకుల్ చెప్పింది నిజమా కాదా అని రాయ్ తీర్పు ఇవ్వలేదు. జైసల్మేర్ కోట పసుపు రాయితో కట్టింది, ఎండపడితే బంగారంలా మెరుస్తుంది, అంతకుమించి అక్కడ బంగారం లేదు. నిధి కోసం మనుషుల్ని చంపబోయిన వాళ్లకు దొరికింది రాళ్లు. ముకుల్ చివరికి కోరేది ఇంటికి, కలకత్తాకు వెళ్లిపోవడం. పూర్వజన్మ కంటే ఈ జన్మలో అమ్మానాన్నలున్న ఇల్లే వాడికి ముఖ్యమైంది. మూఢనమ్మకం ప్రచారం చేసే కథ ఇలా ముగియదు.

1988లో సంతోష్ దత్తా చనిపోయారు. ఆయన లేకుండా ఫెలూదా సినిమా తీయనని రాయ్ అన్నారు, తీయలేదు. కథలు మాత్రం చివరిదాకా రాస్తూనే ఉన్నారు. కథే ప్రధానమనుకుంటే ఇంకో నటుణ్ణి పెట్టుకోవచ్చు. తెరమీద ఆయనకు ప్రధానమైంది ఆ ముగ్గురి సాంగత్యం. తర్వాత ఆయన కొడుకు సందీప్ రాయ్ సవ్యసాచి చక్రవర్తి ఫెలూదాగా వరసగా సినిమాలు తీశారు. అంతకుముందే 1986లో దూరదర్శన్ కోసం హిందీలో శశికపూర్‌తో ఒక కథ తీశారు. వాటిలో కొన్ని పుస్తకాన్ని చాలా నమ్మకంగా అనుసరించాయి. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చూపడమే గీటురాయి అయితే అవే గొప్పవి కావాలి. చూడదగినవే, కాని అభిమానులు పోల్చేటప్పుడు ఇప్పటికీ కొలబద్దగా పెట్టుకునేది గుట్టును ముందే విప్పిన 1974 నాటి సినిమానే.

మన ఇళ్లలో పిల్లలకు ఇవి అందించాలనుకునేవారికి గోపా మజుందార్ చేసిన ఇంగ్లీషు అనువాదాలను పెంగ్విన్ సంస్థ ప్రచురించింది. పుస్తకం ముందా, సినిమా ముందా అని అడిగితే, 'సోనార్ కెల్లా' విషయంలో పుస్తకం ముందు చదివించమని చెబుతాను. అప్పుడు దొంగను పట్టుకునే తోప్షే ఆనందమూ దక్కుతుంది, తర్వాత ముకుల్ కోసం భయపడే సినిమా ఆనందమూ దక్కుతుంది. సినిమా ముందు చూస్తే మొదటిది పోతుంది. 'జయ్ బాబా ఫేలునాథ్' ఎటునుంచి మొదలుపెట్టినా ఫరవాలేదు. పదేళ్లలోపు పిల్లలైతే కత్తుల దృశ్యం వచ్చేసరికి పెద్దవాళ్లు పక్కన ఉండటం మంచిది.